దగ్గులో రక్తం: పిల్లల ఊపిరితిత్తుల రక్తనాళాల గురించి తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలు

మన ఇళ్లలో, వీధుల్లో ఎవరినైనా శపించాలంటే "నెత్తురు కక్కుకుని పోతావు" అనే మాట వాడతారు. ఆ మాట వింటూ పెరిగినవాళ్లం కనుక, పిల్లవాడు దగ్గి ఉమ్మినప్పుడు అందులో ఎరుపు కనిపించగానే మనకు కాళ్లూ చేతులూ ఆడవు. ఎవరో చేతబడి చేశారని ఒకరంటారు. పసరు పోయిస్తే తగ్గుతుందని ఇంకొకరంటారు. "ఇది క్షయే, బయట చెప్పకండి, రేపు పిల్లకు పెళ్లి కావాలి" అని మరొకరు సలహా ఇస్తారు. ఇంతలో రక్తం దానంతట అదే ఆగిపోతుంది. మరునాడు బిడ్డ మామూలుగా బడికి వెళతాడు. ఆసుపత్రి సంగతి అందరూ మరచిపోతారు.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. రక్తం ఆగడం వేరు, రక్తం పడడానికి కారణం పోవడం వేరు. కారణం లోపలే ఉండిపోతే రెండోసారి పడే రక్తం మొదటిసారి కంటే ఎక్కువగా ఉండవచ్చు. ఈ వ్యాసంలో మీరు గుర్తుంచుకోవలసిన ముఖ్యమైన మాట ఇదే.

పిల్లల దగ్గులో రక్తం పడడానికి ఎక్కువసార్లు ఇన్ఫెక్షన్లే కారణం. అవి మందులతో తగ్గిపోతాయి. అయితే కొందరు పిల్లల్లో ఊపిరితిత్తుల లోపలి రక్తనాళాలే అసహజంగా ఉంటాయి. కొందరికి పుట్టుకతోనే, మరికొందరికి పాత జబ్బు మిగిల్చిన మచ్చ వల్ల ఇలా జరుగుతుంది. ఈ లోపాన్ని గుర్తిస్తే చికిత్స ఉంది. గుర్తించకపోతే ఎన్ని దగ్గు మందులు తాగించినా ప్రయోజనం ఉండదు.

అది నిజంగా ఊపిరితిత్తుల నుంచి వచ్చిన రక్తమేనా?

నోట్లో కనిపించిన రక్తమంతా ఊపిరితిత్తులది కాదు. ముందుగా ఈ తేడాలు గమనించండి.

1. ముక్కు నుంచి: పిల్లవాడు పడుకున్నప్పుడు ముక్కులోని రక్తం గొంతులోకి జారి, ఉదయం ఉమ్మితే బయటికి వస్తుంది. ముక్కు రంధ్రాల్లో ఎండిన రక్తం కనిపించవచ్చు.

2. చిగుళ్లు, పళ్ల నుంచి: దగ్గు ఉండదు. ఉమ్ములో ఎర్రటి చారలు కనిపిస్తాయి.

3. కడుపు నుంచి: వాంతిలో వస్తుంది. ముదురు రంగులో, కాఫీ పొడి కలిపినట్లు, అన్నం మెతుకులతో కలిసి ఉంటుంది.

4. ఊపిరితిత్తుల నుంచి: దగ్గుతో వస్తుంది. ఎర్రగా, నురగగా, తెమడతో కలిసి ఉంటుంది. కొందరు పెద్ద పిల్లలు ముందుగా ఛాతీలో ఒక పక్క వెచ్చగా, గుడగుడమన్నట్లు ఉందని చెబుతారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఐదారేళ్లలోపు పిల్లలకు తెమడ ఉమ్మడం చేతకాదు, మింగేస్తారు. ఆ రక్తం తరువాత వాంతిలో బయటపడవచ్చు, లేదా మలం తారులా నల్లగా రావచ్చు. అందువల్ల చిన్నపిల్లలకు దగ్గు తరువాత రక్తపు వాంతి అయితే కడుపు జబ్బు అని మీకు మీరే తీర్మానించుకోవద్దు. ఎంత దగ్గు, ఎంత వాంతి, ఏది ముందు వచ్చింది అన్నది డాక్టరుగారికి వివరంగా చెప్పండి.

ఇంకొక సంగతి. క్షయకు వాడే రిఫాంపిసిన్ మందు వల్ల మూత్రం, ఉమ్ము, కన్నీళ్లు నారింజ రంగులోకి మారతాయి. అది రక్తం కాదు. దానికి భయపడి మందు ఆపవద్దు.

ఊపిరితిత్తులకు రక్తం రెండు దారుల్లో వస్తుంది

ఈ జబ్బు అర్థం కావాలంటే ఒక విషయం తెలియాలి. మన శరీరంలో మిగతా అవయవాలకు రక్తం సాధారణంగా ఒక దారిలో వస్తే, ఊపిరితిత్తులకు రెండు దారుల్లో వస్తుంది.

మొదటి దారి పుపుస ధమని. శరీరమంతా తిరిగి వచ్చిన చెడు రక్తాన్ని గుండె కుడి భాగం ఈ ధమని ద్వారా ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ ప్రాణవాయువు కలిసి మంచి రక్తంగా మారుతుంది. ఇది వెడల్పైన పంట కాలువ లాంటిది. నీరు చాలా ఉంటుంది, ఉరవడి తక్కువ. ఇందులో రక్తపోటు పై అంకె సుమారు 25 మాత్రమే.

రెండో దారి శ్వాసనాళ ధమనులు. ఇవి గుండె ఎడమ భాగం నుంచి బయలుదేరే మహాధమని నుంచి చీలి, గాలి గొట్టాల గోడలకు ఆహారం అందిస్తాయి. దారంలాంటి సన్నని నాళాలు. గుండె పంపే రక్తంలో సుమారు నూటికి ఒక వంతు మాత్రమే వీటిలో ప్రవహిస్తుంది. కానీ వీటిలో ఉండే ఒత్తిడి మన చేతికి పట్టీ కట్టి చూసే రక్తపోటు లాంటిదే. మేడ మీది ట్యాంకు నుంచి దిగే సన్నని గొట్టాన్ని ఊహించుకోండి. కాలువ గట్టుకు చిన్న గండి పడితే నీరు ఊరుతుంది. ట్యాంకు గొట్టం పగిలితే చిమ్ముతుంది.

దగ్గులో ఎక్కువ మోతాదులో రక్తం పడినప్పుడు, చాలామందిలో అది ఈ రెండో దారి నుంచే వస్తుంది. ఊపిరితిత్తిలో ఒక భాగం చాలాకాలం వాచి ఉన్నా, లేదా కాలువ దారి మూసుకుపోయినా, శరీరం ఆ లోటు తీర్చడానికి ఈ సన్నని గొట్టాలను పెంచుకుంటుంది. అవి ఉబ్బి, మెలికలు తిరిగి, గాలి గొట్టం పొరకు దగ్గరగా చేరతాయి. ఒకనాడు జలుబు చేసి గట్టిగా దగ్గితే ఆ పలుచని గోడ చిట్లుతుంది.

ఏ రకమైన లోపాలు వస్తాయి?

1. ధమని, సిర నేరుగా కలిసిపోవడం. మామూలుగా ధమనికీ సిరకూ మధ్య వెంట్రుక కంటే సన్నని నాళాల వల ఉంటుంది. ఆ వల రెండు పనులు చేస్తుంది. రక్తంలో ప్రాణవాయువును కలుపుతుంది. జల్లెడలా చిన్న చిన్న గడ్డలను, క్రిములను ఆపుతుంది. పుట్టుకతో కొందరికి ఈ వల లేకుండా ధమని, సిర ఒక సంచిలా కలిసిపోతాయి. అప్పుడు ప్రాణవాయువు లేని రక్తం అలాగే శరీరంలోకి పోతుంది. పెదవులు నీలంగా మారడం, ఆటల్లో త్వరగా అలసిపోవడం, వేళ్ల చివరలు డోలు పుల్లల్లా లావెక్కడం కనిపిస్తాయి. సంచి గోడ చిట్లితే రక్తం పడుతుంది. అంతకంటే ప్రమాదం ఏమిటంటే, జల్లెడ లేనందున రక్తపు గడ్డ గానీ క్రిములు గానీ మెదడుకు చేరి పక్షవాతం, మెదడులో చీముగడ్డ కలిగించవచ్చు.

ఈ లోపం ఉన్నవారిలో చాలామందికి ఆస్లర్ వెబర్ రెండు వ్యాధి అనే వంశపారంపర్య జబ్బు ఉంటుంది. 1896లో రెండు, 1901లో ఆస్లర్, 1907లో వెబర్ అనే వైద్యులు దీనిని వర్ణించారు. సుమారు 5,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. తరచుగా ముక్కు నుంచి రక్తం కారడం, పెదవుల మీద, నాలుక మీద, వేళ్ల కొనల మీద చిన్న ఎర్రటి చుక్కలు దీని గుర్తులు. చుక్కలు చిన్నతనంలో కనిపించకపోవచ్చు, వయసు పెరిగే కొద్దీ బయటపడతాయి.

2. ఒక పక్క పుపుస ధమని లేకపోవడం. పుట్టుకతోనే కుడి వైపు గానీ ఎడమ వైపు గానీ పెద్ద కాలువ ఏర్పడదు. ఆ పక్క ఊపిరితిత్తి చిన్నదిగా ఉండిపోతుంది. దానికి రక్తం శ్వాసనాళ ధమనుల నుంచి, పక్కటెముకల ధమనుల నుంచి వస్తుంది. ఎక్స్‌రేలో ఆ పక్క కుంచించుకుపోయినట్లు కనిపించడం వల్ల దీనిని పాత క్షయగా పొరపడే అవకాశం ఉంది.

3. ఊపిరితిత్తిలో వేరుపడిన ముక్క. దీనిని సీక్వెస్ట్రేషన్ అంటారు. ఈ ముక్కకు గాలి గొట్టంతో సరైన సంబంధం ఉండదు. రక్తం మాత్రం నేరుగా మహాధమని నుంచి వస్తుంది. ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో ఎక్కువగా ఉంటుంది. ఒకే చోట మళ్లీ మళ్లీ నిమోనియా వస్తుంటే దీనిని అనుమానించాలి.

4. పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు. శరీరం నీలంగా మారే కొన్ని గుండె జబ్బుల్లో ఊపిరితిత్తులకు వెళ్లే దారి సన్నగా గానీ మూసుకుపోయి గానీ ఉంటుంది. అప్పుడు మహాధమని నుంచి అదనపు నాళాలు పుట్టుకొస్తాయి. గుండె ఆపరేషన్ అయిన పిల్లల్లోనూ కొందరికి తరువాతి సంవత్సరాలలో ఇవి పెరగవచ్చు.

5. పాత జబ్బు మిగిల్చిన మచ్చలు. క్షయ, తీవ్రమైన నిమోనియా, కోరింత దగ్గు, తట్టు వంటి జబ్బుల తరువాత కొందరిలో గాలి గొట్టాలు వెడల్పై, చీము నిలిచి, శాశ్వతంగా పాడవుతాయి. అక్కడి శ్వాసనాళ ధమనులు ఉబ్బుతాయి. మన ప్రాంతంలో ఈ రకాన్ని మరచిపోకూడదు.

6. పొర కింద దాగిన ధమని. చాలా అరుదు. గాలి గొట్టం లోపలి పొర కిందనే ఒక పెద్ద ధమని ఉంటుంది. ఊపిరితిత్తి ఆరోగ్యంగానే ఉంటుంది, ఎక్స్‌రే మామూలుగా ఉండవచ్చు. అయినా హఠాత్తుగా ఎక్కువ రక్తం పడుతుంది.

దగ్గులో రక్తం అంటే క్షయేనా?

కాదు. క్షయ ఒక ముఖ్యమైన కారణం, కానీ అదొక్కటే కారణం కాదు. మన దేశంలో క్షయ ఎక్కువ కనుక పరీక్ష తప్పకుండా చేయించాలి. తెమడ ఉమ్మలేని చిన్నపిల్లలకు ఉదయం పరగడుపున ముక్కు ద్వారా సన్నని గొట్టం వేసి కడుపులోని ద్రవం తీసి పరీక్షిస్తారు. ప్రభుత్వ క్షయ కార్యక్రమంలో పరీక్షలు, మందులు ఉచితం. క్షయ అని తేలితే పూర్తి కోర్సు వాడించండి. మధ్యలో ఆపితే మందులకు లొంగని క్షయగా మారవచ్చు.

అయితే పరీక్షలో క్రిములు లేకుండా, కేవలం రక్తం పడిందన్న కారణంతో మళ్లీ మళ్లీ క్షయ మందులు మొదలుపెట్టడం సరికాదు. అలా చేస్తే అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక పాపకు 6 ఏళ్ల వయసులో క్షయ వచ్చింది, 6 నెలలు మందులు వాడి నయమైంది అనుకోండి. 11 ఏళ్ల వయసులో ఒక రాత్రి దగ్గుతో రెండు చెంచాల రక్తం పడింది. "పాత జబ్బు తిరగబెట్టింది" అని ఇంట్లో భయపడ్డారు. ఊళ్లో తెలిస్తే బాగుండదని గుట్టుగా ఉంచారు. దగ్గరలోని ఆర్.ఎం.పి. దగ్గర ఇంజెక్షన్ చేయించారు. ఆగిపోయింది. మూడు నెలల తరువాత ఒక గ్లాసుడు రక్తం పడి, ఊపిరాడక ఆసుపత్రికి తెచ్చారు. తెమడలో క్షయ క్రిములు లేవు. క్షయ నిజంగానే నయమైంది. అది మిగిల్చిన మచ్చ చుట్టూ ధమని ఉబ్బింది, అంతే. ఆ పాపకు కావలసింది ఇంకో 6 నెలల క్షయ మందులు కాదు, ఆ ధమనిని మూసే చికిత్స. మొదటిసారి రెండు చెంచాలు పడిన రోజునే వచ్చి ఉంటే ఇదే చికిత్స తీరికగా, ప్రాణభయం లేకుండా జరిగేది.

రక్తం పడుతున్నప్పుడు ఇంట్లో ఏం చేయాలి?

ముందు ఒక విషయం తెలుసుకోండి. దగ్గులో రక్తం పడే పిల్లలకు అసలు ముప్పు రక్తం పోవడం వల్ల కంటే, ఆ రక్తం గాలి గొట్టాల్లో గడ్డకట్టి ఊపిరి ఆడకపోవడం వల్లనే ఎక్కువ. పిల్లల గాలి గొట్టాలు సన్నవి. అందువల్ల పెద్దవారికి ప్రమాదం కాని మోతాదు కూడా పిల్లలకు ప్రమాదమే. 24 గంటల్లో బిడ్డ బరువులో కిలోకు 8 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ రక్తం పడితే చాలా తీవ్రమైనదిగా వైద్యులు లెక్కిస్తారు. అంటే 15 కిలోల బిడ్డకు 120 మిల్లీలీటర్లు, ఒక టీ గ్లాసుడు. కానీ అంతవరకు ఎదురుచూడవద్దు.

చేయవలసినవి:

1. బిడ్డను కూర్చోబెట్టి కొంచెం ముందుకు వంచండి. ఏ పక్క నుంచి రక్తం వస్తోందో డాక్టరు ముందే చెప్పి ఉంటే, ఆ పక్క కిందికి ఉండేలా ఒత్తిగిలి పడుకోబెట్టండి. అలా చేస్తే మంచి ఊపిరితిత్తిలోకి రక్తం పోదు.

2. రక్తాన్ని మింగనివ్వకండి, ఉమ్మించండి. గిన్నెలోనో గ్లాసులోనో పట్టి ఆసుపత్రికి తీసుకురండి. వీలుకాకపోతే ఫోటో తీయండి.

3. 108కి ఫోన్ చేయండి. బైకు మీద ఇద్దరి మధ్య ఇరికించి తీసుకువెళ్లడం కంటే అంబులెన్సు మేలు. అందులో ప్రాణవాయువు ఉంటుంది.

4. పాత ఎక్స్‌రేలు, స్కాన్‌లు, మందుల చీటీలు, గుండె ఆపరేషన్ కాగితాలు వెంట తెచ్చుకోండి.

5. మీరు ధైర్యంగా ఉండండి. మీరు ఏడిస్తే బిడ్డ ఏడుస్తుంది. ఏడిస్తే దగ్గు పెరుగుతుంది.

చేయకూడనివి:

1. వెల్లకిలా పడుకోబెట్టవద్దు.

2. నీళ్లు, పాలు, నిమ్మరసం, పసరు మందు ఏదీ నోట్లో పోయవద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పైగా అత్యవసరంగా మత్తు ఇవ్వవలసి వస్తే కడుపు ఖాళీగా ఉండడం మంచిది.

3. వీపు మీద, ఛాతీ మీద చరచవద్దు.

4. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ఇవ్వవద్దు. ఇవి రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తాయి. జ్వరం ఉంటే ఏ మందు వాడాలో డాక్టరును అడగండి. గుండె జబ్బుకు ఆస్పిరిన్ వాడుతున్న పిల్లల విషయంలో మీకు మీరే ఆపకుండా వెంటనే గుండె డాక్టరుతో మాట్లాడండి.

5. ఆగిపోయింది కదా అని దారిలోంచి వెనక్కి తిరగవద్దు.

ఊపిరి ఆడకపోవడం, పెదవులు నీలంగా మారడం, మగతగా ఉండడం, ఒళ్లు చల్లబడడం, రక్తం ఆగకుండా పడడం, అకస్మాత్తుగా ఒక చెయ్యి గానీ కాలు గానీ పడిపోవడం, ఫిట్స్ రావడం: వీటిలో ఏది కనిపించినా ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయవద్దు.

ఏ ఏ పరీక్షలు చేస్తారు?

వేలికి క్లిప్పు పెట్టి రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉందో చూస్తారు. రక్తహీనత, రక్తం గడ్డకట్టే శక్తి, బ్లడ్ గ్రూపు పరీక్షిస్తారు. ముక్కు, గొంతు చూస్తారు. చిన్నపిల్లలు వేరుశెనగ గింజో, బలపం ముక్కో పీల్చి ఉంటే అది కూడా రక్తానికి కారణం కావచ్చు కనుక ఆ విషయం అడుగుతారు. గుర్తు చేసుకుని చెప్పండి.

ఛాతీ ఎక్స్‌రే మొదటి మెట్టు. ఎక్స్‌రే మామూలుగా ఉన్నంత మాత్రాన అంతా బాగుందని అనుకోకూడదు. రక్తనాళాల లోపాలు ఎక్స్‌రేలో పడకపోవచ్చు.

సి.టి. యాంజియోగ్రామ్ అసలైన పరీక్ష. చేతి నరానికి రంగు మందు ఎక్కించి స్కాన్ తీస్తారు. ఏ ధమని ఎక్కడి నుంచి బయలుదేరి ఎక్కడికి వెళుతోందో పటంలా కనిపిస్తుంది. బిడ్డకు ఇదివరకు ఏదైనా మందు పడకపోయినా, మూత్రపిండాల జబ్బు ఉన్నా ముందే చెప్పండి.

గుండె స్కాన్, అంటే ఎకో పరీక్ష కూడా చేస్తారు. ధమని, సిర నేరుగా కలిశాయని అనుమానం ఉంటే, సన్నని బుడగలు కలిపిన సెలైన్ నీటిని నరంలోకి ఎక్కించి ఎకో తీస్తారు. ఊపిరితిత్తుల జల్లెడ బాగుంటే బుడగలు గుండె కుడి భాగంతోనే ఆగిపోతాయి. నేరు దారి ఉంటే కొన్ని క్షణాల్లో ఎడమ భాగంలో కనిపిస్తాయి.

బ్రాంకోస్కోపీ అంటే సన్నని దుర్బిణీ గొట్టంతో గాలి గొట్టాల లోపల చూడడం. రక్తం ఏ పక్క నుంచి వస్తోందో తెలుస్తుంది. ఇరుక్కున్న వస్తువు ఉంటే తీయవచ్చు. ఇది పిల్లలకు మత్తు ఇచ్చి చేస్తారు.

చికిత్స ఎలా ఉంటుంది?

మొదట బిడ్డకు ఊపిరి సరిగా ఆడేలా చూస్తారు. ప్రాణవాయువు, సెలైన్, అవసరమైతే రక్తం ఎక్కిస్తారు. ఇన్ఫెక్షన్ ఉంటే యాంటీబయాటిక్స్ ఇస్తారు. రక్తం తగ్గడానికి ట్రానెక్సామిక్ యాసిడ్ వంటి మందు వాడవచ్చు. తీవ్రంగా ఉంటే కృత్రిమ శ్వాస యంత్రం మీద ఉంచవలసి రావచ్చు.

తరువాత లోపం ఉన్న నాళాన్ని మూయాలి. దీనికి నేడు చాలామందిలో ఛాతీ కోయనవసరం లేదు. ఎంబోలైజేషన్ అనే పద్ధతి 1970వ దశకం నుంచి వాడుకలో ఉంది. గజ్జ దగ్గర రక్తనాళంలోకి ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టం పంపుతారు. తెర మీద చూస్తూ దానిని ఊపిరితిత్తి దాకా తీసుకువెళతారు. శ్వాసనాళ ధమని ఉబ్బి ఉంటే, ఇసుక రేణువుల్లాంటి ప్రత్యేక పదార్థం వదిలి ఆ దారి మూస్తారు. ధమని, సిర నేరుగా కలిసిన సంచి ఉంటే, ఆ రేణువులు వాడరు. అవి సంచి దాటి మెదడుకు పోయే ప్రమాదం ఉంది. దానికి బదులు సన్నని లోహపు తీగ చుట్టలు, చిన్న బిరడాలు పెట్టి మూస్తారు. చిన్నపిల్లలకు పూర్తి మత్తు ఇస్తారు.

తరువాత కొన్ని గంటలు కాలు కదపకుండా పడుకోవాలి. రెండు మూడు రోజులు ఛాతీలో నొప్పి, కొద్దిపాటి జ్వరం ఉండవచ్చు. గజ్జ దగ్గర కమిలినట్లు కావచ్చు. శ్వాసనాళ ధమనుల దగ్గరే వెన్నుపాముకు వెళ్లే సన్నని ధమని ఉండే అవకాశం ఉంది. అది పొరపాటున మూసుకుంటే కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. ఇది అరుదు. డాక్టర్లు ముందే జాగ్రత్తగా చూసుకుంటారు. అయినా అంగీకార పత్రం మీద సంతకం పెట్టేముందు మీకు అర్థం కాని ప్రతి విషయం అడగండి. అడగడం మీ హక్కు.

చాలామందికి రక్తం వెంటనే ఆగుతుంది. కానీ ఊపిరితిత్తిలో మచ్చ అలాగే ఉంటే కొన్ని నెలలకో, సంవత్సరాలకో కొత్త నాళాలు పెరిగి మళ్లీ రక్తం పడవచ్చు. అప్పుడు ఇదే చికిత్స మళ్లీ చేయవచ్చు. వేరుపడిన ముక్క ఉన్నా, ఒకే భాగం పూర్తిగా పాడైపోయినా ఆపరేషన్ చేసి ఆ భాగం తీసివేయడం మంచిది కావచ్చు.

ఈ చికిత్స అన్ని ఊళ్లలో దొరకదు. క్యాథ్ ల్యాబ్, పిల్లలకు మత్తు ఇచ్చే నిపుణులు, ఐ.సి.యు. ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. మిమ్మల్ని పంపించే డాక్టరు చేత ముందుగా ఆ ఆసుపత్రికి ఫోన్ చేయించండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు వెంట ఉంచుకోండి. మీ బిడ్డ చికిత్స అందులోకి వస్తుందా అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

ఇంటికి వెళ్లిన తరువాత

1. చెప్పిన తేదీకి తప్పక చూపించండి. లోహపు చుట్టలు పెట్టిన పిల్లలకు 6 నుంచి 12 నెలల్లో మళ్లీ స్కాన్ అవసరం. ఆ తరువాత కూడా కొన్నేళ్లకు ఒకసారి చూడాలి. మూసిన దారి మళ్లీ తెరుచుకోవచ్చు, చిన్నవి పెద్దవి కావచ్చు.

2. ధమని, సిర కలిసిన లోపం ఉన్న పిల్లలకు పన్ను తీయించేముందు, పళ్ల చికిత్సకు ముందు యాంటీబయాటిక్ అవసరం. పళ్ల డాక్టరుకు ముందే చెప్పండి. సెలైన్ పెట్టేటప్పుడు గాలి బుడగలు నరంలోకి పోకుండా చూడమని నర్సుకు చెప్పండి.

3. రక్తహీనత ఉంటే ఐరన్ మందు చెప్పినంత కాలం వాడించండి.

4. ఇంట్లో బీడీ, సిగరెట్ పొగ, కట్టెల పొయ్యి పొగ బిడ్డకు తగలనివ్వకండి. టీకాలన్నీ సమయానికి వేయించండి. జలుబు, దగ్గు ముదరనివ్వకండి.

5. బిడ్డ జబ్బు పేరు, ఏ పక్క లోపం, ఏ చికిత్స ఎప్పుడు జరిగింది అన్నది ఒక కాగితం మీద రాయించి బడిసంచిలో ఉంచండి. ఉపాధ్యాయులకు చెప్పండి.

తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది అంటుకుంటుందా?
రక్తనాళాల లోపం అంటువ్యాధి కాదు. బిడ్డకు వేరే కంచం, వేరే పక్క అవసరం లేదు. క్షయ ఉందో లేదో తేలేవరకు మాత్రం దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టించండి.

మేనరికం చేసుకున్నందువల్ల వచ్చిందా?
ఈ లోపాలలో ఎక్కువ భాగం వంశపారంపర్యం కావు. ఆస్లర్ వెబర్ రెండు వ్యాధి మాత్రం వంశంలో వస్తుంది. దానికి మేనరికంతో పని లేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా, పుట్టే ప్రతి బిడ్డకు సగానికి సగం అవకాశం ఉంటుంది. కనుక ఆ జబ్బు తేలితే తల్లిని, తండ్రిని, తోబుట్టువులను అందరినీ పరీక్షించాలి. ఇందులో ఎవరి తప్పూ లేదు. కోడలిని నిందించవద్దు.

గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం చూసినందువల్లనా?
కాదు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు.

నా బిడ్డ ఆడుకోవచ్చా? చదువుకోవచ్చా?
చికిత్స తరువాత చాలామంది పిల్లలు మామూలుగా బడికి వెళతారు, ఆడుకుంటారు. ఎంతకాలం విశ్రాంతి కావాలో డాక్టరు చెబుతారు.

ఆడపిల్ల కదా, రేపు పెళ్లి, పిల్లలు?
పెళ్లికి ఇది అడ్డు కాదు. అయితే ధమని, సిర కలిసిన లోపం గర్భిణిగా ఉన్నప్పుడు పెరిగి రక్తం పడే ప్రమాదం ఉంది. అందుకే ముందే చికిత్స చేయించాలి. పాప పెద్దదయ్యాక ఈ సంగతి ఆమెకు తప్పక చెప్పాలి. దాచిపెడితే ఆమె ప్రాణానికే ముప్పు.

చివరగా

దగ్గులో రక్తం పడడం శాపం కాదు, సిగ్గుపడవలసిన విషయమూ కాదు. లోపల ఏదో సరిగా లేదని బిడ్డ శరీరం మనకు పంపిన కబురు. ఆ కబురు చెంచాడు రక్తంతో వచ్చినప్పుడే అందుకోండి. రక్తం ఆగినా ఆసుపత్రికి రండి. రెండోసారి పడితే, లేదా ఎక్స్‌రే, క్షయ పరీక్ష బాగున్నా కారణం తేలకపోతే, "డాక్టరుగారూ, రక్తనాళాలు చూడాలా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న మీ బిడ్డను సరైన చికిత్సకు దగ్గర చేయవచ్చు.